ఉష్ణమండలంలో క్యాంపర్ వ్యాన్: రాత్రిని బట్టే దారి

క్యాంపర్ వ్యాన్ ప్రయాణం అనగానే మ్యాప్ మీద గీసుకున్న గీత గుర్తొస్తుంది. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, మధ్యలో ఎన్ని కిలోమీటర్లు, రోజుకు ఎంత దూరం. చల్లటి దేశాల్లో ఈ లెక్క సరిపోతుంది. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య, అంటే ఉత్తరాన 23.4 డిగ్రీల నుంచి దక్షిణాన 23.4 డిగ్రీల దాకా ఉన్న ఉష్ణమండలంలో మాత్రం ఇదే లెక్కతో బయల్దేరినవాళ్లు రెండో వారానికే నీరసించిపోతారు. వాళ్లను పడగొట్టేది నిద్రలేమి. పగలు ఎంత ఎండ కాసినా ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఏసీ వేసుకుని, మధ్యలో నీడపట్టున ఆగి ఎలాగోలా నెట్టుకొస్తారు. అసలు కష్టం రాత్రి ఇంజిన్ ఆపేసి, రేకు డబ్బా లాంటి ఆ చోట్లో ఇద్దరు మనుషులు పడుకున్నాక మొదలవుతుంది. అర్ధరాత్రి దాటినా దిండు తడిగానే ఉంటుంది. మర్నాడు స్టీరింగ్ ముందు కూర్చునేది ఆ నిద్రలేని మనిషే.

తాపీగా తిరగడాన్ని చాలామంది ఒక అభిరుచిగా చెబుతారు. ఉష్ణమండలం విషయంలో ఆ మాట సగమే నిజం. అక్కడ మనసు కంటే ముందు వాతావరణమే వేగం తగ్గిస్తుంది. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటే నిద్ర పడుతుంది అన్న ప్రశ్నతో రోజు మొదలుపెట్టి, దానికి తగ్గట్టు దారి వేసుకుంటే నెలల తరబడి హాయిగా తిరగొచ్చు. ముందు దారి వేసేసుకుని, రాత్రి సంగతి రాత్రి చూసుకుందాం అనుకుంటే ఎంత ఖరీదైన వ్యాన్ ఉన్నా కష్టమే.

భూగోళశాస్త్రంలో పాత మాట ఒకటుంది: ఉష్ణమండలానికి రాత్రే చలికాలం. భూమధ్యరేఖకు దగ్గరగా, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఏడాదిలో అన్నిటికంటే వేడి నెలకూ చల్లటి నెలకూ మధ్య తేడా చాలాచోట్ల రెండు మూడు డిగ్రీలే. మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య తేడా మాత్రం ఏడెనిమిది డిగ్రీలు ఉంటుంది. అంటే నెలలు గడిచినా రాని చల్లదనం రోజూ రాత్రి కాస్త వచ్చి పోతుంది. ఆ కాస్తను వ్యాన్ లోపలికి ఎలా రప్పించాలన్నదే అసలు సమస్య.

చూడాల్సిన అంకె

వాతావరణం యాప్ తెరవగానే కళ్లు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత మీదికే పోతాయి. వ్యాన్‌లో పడుకునేవాళ్లకు అంతకంటే అక్కరకొచ్చే అంకె ఇంకొకటి ఉంది. దాని పేరు డ్యూ పాయింట్. గాలి ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే అందులోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత. తేమ నీరయ్యేటప్పుడు వేడి బయటికి వస్తుంది. అందువల్ల రాత్రి చల్లబడుతూ వచ్చిన గాలి ఆ అంకె దగ్గరికి చేరాక ఇక పెద్దగా దిగదు. సాయంత్రం డ్యూ పాయింట్ 25 ఉండి, రాత్రి గాలి మారకపోతే తెల్లవారుజామున కూడా 25 దగ్గరే ఉంటుంది. అదే పగలు 36 డిగ్రీల ఎండ కాసినా డ్యూ పాయింట్ 14 ఉన్న పొడి ప్రాంతంలో తెల్లవారేసరికి దుప్పటి కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. పగటి ఎండ చూసి భయపడి రెండో చోటు వదిలేసి మొదటి చోటికి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఉజ్జాయింపుగా కొన్ని హద్దులు పెట్టుకోవచ్చు. డ్యూ పాయింట్ 18 లోపు ఉంటే నిద్రకు ఢోకా లేదు. 21 దాటితే ఒళ్లు జిడ్డు పట్టినట్టు ఉంటుంది, ఫ్యాన్ లేనిదే కుదరదు. 24 దాటితే ఫ్యాన్ ఉన్నా పక్క తడుస్తుంది. సముద్రతీరాలు ఎందుకంత ఇబ్బంది పెడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉష్ణమండల సముద్రాల పైనీరు చాలాచోట్ల 27 నుంచి 29 డిగ్రీలు ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలిలో డ్యూ పాయింట్ 24, 25 దగ్గర తిష్ఠ వేస్తుంది. పైగా పగలు సముద్రం నుంచి ఒడ్డుకు వీచే గాలి రాత్రికి దిశ మార్చుకుని నేల మీది నుంచి సముద్రం వైపు మళ్లుతుంది, ఆ వీచేది కూడా నీరసంగా ఉంటుంది. ఫొటోల్లో అంత అందంగా కనిపించే కొబ్బరిచెట్ల కింది మకాం రాత్రిపూట ఉక్కపోతకు నిలయం. కొబ్బరిచెట్టు కింద వ్యాన్ ఆపడం అసలే మంచిది కాదు. కాయ రాలి పడితే అద్దమో సోలార్ ప్యానెలో పోతుంది, మనిషి మీద పడితే ప్రాణానికే ప్రమాదం.

వ్యాన్ లోపలి లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. ఓ మధ్యరకం వ్యాన్‌లో 11 ఘనపు మీటర్ల గాలి పడుతుందనుకుందాం. బయట 27 డిగ్రీలు, 80 శాతం తేమ. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 26 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అప్పటికే అందులో 20 గ్రాములకు పైగా ఉంది. మిగిలిన చోటు ఘనపు మీటరుకు సుమారు 5 గ్రాములు, వ్యాన్ మొత్తానికి 55, 60 గ్రాములు. నిద్రపోయే మనిషి ఊపిరి నుంచీ ఒంటి నుంచీ గంటకు 40 గ్రాముల దాకా తేమ వస్తుంది. ఇద్దరుంటే 80. తలుపులూ కిటికీలూ మూసుకుని పడుకుంటే గంట తిరక్కుండానే లోపలి గాలి తేమతో నిండిపోతుంది. చల్లబడిన రేకు మీద బొట్లు కడతాయి, చెమట ఆరడం మందగిస్తుంది. దీనికి తోడు ఒక్కో మనిషి ఒంటి నుంచి వచ్చే 70, 80 వాట్ల వేడి ఎటూ ఉంది. వ్యాన్‌లో ఉక్కపోతకు సగం కారణం బయటి వాతావరణం, మిగతా సగం లోపల పడుకున్న మనుషులే.

అందుకే ఉష్ణమండలంలో వ్యాన్‌కు ఫ్యాన్ గుండెకాయ లాంటిది. పైకప్పుకు బిగించే మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పూర్తి వేగంలో నిమిషానికి 25 ఘనపు మీటర్ల దాకా గాలిని బయటికి తోడేస్తుంది. అంటే లోపలి గాలి మొత్తం నిమిషానికి రెండుసార్లు మారిపోతుంది. రాత్రికి అందులో నాలుగో వంతు వేగం చాలు. ఫ్యాన్ పెట్టించుకున్నాక కూడా చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గాలి బాగా రావాలని కిటికీలన్నీ బార్లా తెరుస్తారు. అప్పుడు ఫ్యాన్ తనకు దగ్గర్లో ఉన్న కిటికీ నుంచి గాలి లాక్కుని అటునుంచి అటే పైకి పంపేస్తుంది, పక్క దగ్గర మాత్రం కర్టెన్ కూడా కదలదు. ఫ్యాన్ ముందు భాగంలో ఉంటే వెనక వైపు, తల పెట్టుకునే చోట ఉన్న కిటికీ ఒక్కటి జానెడు తెరిచి మిగతావన్నీ మూసేయాలి. ఆ కిటికీ ఎంత కిందికి ఉంటే అంత మంచిది, నేలకు దగ్గరగా ఉన్న గాలి చల్లగా ఉంటుంది. అప్పుడు లోపలికొచ్చే గాలంతా మనిషి మీదుగానే పోవాలి. ఆ సందు దగ్గర చేయి పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పక్క మీదికి తిప్పుకున్న చిన్న 12 వోల్టుల ఫ్యాన్ కూడా ఒకటి తోడైతే డ్యూ పాయింట్ 23 ఉన్న రాత్రి కూడా గడిచిపోతుంది.

పరుపు కింద కూడా గాలి ఆడాలి. ప్లైవుడ్ పలక మీద నేరుగా పరుపు వేస్తే ఒంటి తేమ కిందికి దిగి పలక దగ్గర నీరవుతుంది, వారం పది రోజుల్లో నల్లటి బూజు మచ్చలు పడతాయి. సందులున్న చెక్క పట్టీల మీద వేసి, పొద్దున్నే పరుపు నిలబెట్టి ఆరనివ్వడం అలవాటు చేసుకుంటే ఆ బాధ ఉండదు.

రేకు, నీడ, కరెంటు

అమ్మకానికి ఉండే క్యాంపర్ వ్యాన్లలో చాలావరకు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. గోడలకు మందపాటి ఇన్సులేషన్, చిన్న కిటికీలు, లోపల హీటర్. ఇన్సులేషన్ ఉంటే ఎండ కూడా లోపలికి రాదని ధీమా పడతారు. ఇన్సులేషన్ వేడిని పూర్తిగా ఆపలేదు, ఆలస్యం చేస్తుంది. పొద్దంతా ఎండలో నానిన వ్యాన్‌లో అల్మరాలు, పరుపు, నీళ్ల ట్యాంకు అన్నీ వేడెక్కి ఉంటాయి. రాత్రి బయట చల్లబడ్డాక ఆ వేడి పోదామంటే అదే ఇన్సులేషన్ పోనివ్వదు, వ్యాన్ ఫ్లాస్కులా తయారవుతుంది. ఉన్నంతలో పైకప్పుకు ఇన్సులేషన్ తప్పకుండా ఉండాలి. గోడల సంగతి తర్వాత చూసుకోవచ్చు. గాలాడే ఏర్పాటు లేకుండా ఇన్సులేషన్ ఒక్కటే పెంచుకుంటూ పోవడం మాత్రం డబ్బు దండగ.

దీనికి మంచి పరిష్కారం పాత ల్యాండ్ రోవర్ బండ్లలోనే ఉంది. వేడి ప్రాంతాల కోసం చేసిన వాటికి పైకప్పు మీద కాస్త సందు వదిలి రెండో రేకు బిగించేవారు. దాన్ని ట్రాపికల్ రూఫ్ అనేవారు. ఎండంతా పై రేకు మీద పడుతుంది, సందులో గాలి ఆ వేడిని పట్టుకుపోతుంది, అసలు కప్పు నీడలో ఉంటుంది. ఇప్పటి వ్యాన్ మీద సోలార్ ప్యానెళ్లను నాలుగు వేళ్ల సందు వదిలి బిగిస్తే కరెంటుతో పాటు ఈ పని కూడా జరుగుతుంది. కిటికీ అద్దాలకూ ఇదే సూత్రం. వెండిరంగు షీటు లోపలి నుంచి అంటిస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. అదే షీటు బయటి నుంచి కప్పితే అద్దమే వేడెక్కదు. ఎండలో అద్దాలెత్తి వదిలేసిన వాహనంలో గంటలో బయటికంటే 20 డిగ్రీలకు పైగా వేడి పెరగగలదు. చిన్నపిల్లలనూ పెంపుడు జంతువులనూ ఐదు నిమిషాలే కదా అని కూడా లోపల వదలకూడదు.

ఇక ఏసీ. బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ నడిపించవచ్చన్న ఆశ కొత్తవాళ్లందరికీ ఉంటుంది, లెక్క వేస్తే అది ఎంత భారమో తెలుస్తుంది. చిన్న ఏసీ సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకుంటే 8 గంటలకు 4.8 యూనిట్లు. 100 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1.3 యూనిట్లు. అంటే ఒక్క రాత్రికి అలాంటివి నాలుగు ఖాళీ అవుతాయి, మర్నాడు మళ్లీ నింపాలంటే వ్యాన్ పైకప్పు మీద పట్టేన్ని ప్యానెళ్లు చాలకపోవచ్చు. అదే రెండు ఫ్యాన్లకు కలిపి 25 వాట్లు, పది గంటలకు పావు యూనిట్. వయసు పైబడ్డవాళ్లు, పసిపిల్లలు, గుండె జబ్బున్నవాళ్లు వెంట ఉంటే ఏసీ అవసరమే, దాన్ని విలాసం అనకూడదు. అలాంటప్పుడు కరెంటు కనెక్షన్ ఇచ్చే క్యాంపింగ్ స్థలాలను బట్టే దారి వేసుకోవాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. ఇంజిన్ పొగలో ఉండే ప్రాణాంతక వాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

ఫ్రిజ్ గురించి ఒక్క మాట. 50 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ చల్లటి చోట గంటలో 15, 20 నిమిషాలు నడిస్తే చాలు. 35 డిగ్రీల వేడిలో అరగంటకు పైగా నడుస్తుంది, రోజుకు దాదాపు 0.6 యూనిట్ లాగుతుంది. ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు కలిపితే రోజుకు ఒక యూనిట్. వానాకాలంలో మబ్బుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 400 వాట్ల ప్యానెళ్లు ఉండాలి. ఎండ ఎక్కువున్న చోట కరెంటు కూడా దండిగా వస్తుందనుకుంటారు గాని, సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం సామర్థ్యం పోగొట్టుకుంటుంది. మండుటెండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు పోయినట్టే. ఒక మేలు ఉంది. మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు కాబట్టి ప్యానెళ్లను వంచి నిలబెట్టే తాపత్రయం అక్కర్లేదు, పడుకోబెట్టి బిగిస్తే చాలు.

పైకి ఎక్కడం

ఉష్ణమండలంలో ఖర్చు లేకుండా దొరికే ఏసీ ఎత్తు. సగటున వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తీరంలో రాత్రి 26 ఉన్నప్పుడు 1,500 మీటర్ల మీద 16, 17 ఉంటుంది. ఇన్ని వేల రూపాయల పరికరాలు చేయలేని పని రెండు గంటల ఘాట్ రోడ్డు చేసిపెడుతుంది. పనామాలో తీరానికి దగ్గరగా ఉన్న డేవిడ్ నగరం నుంచి సుమారు 1,200 మీటర్ల ఎత్తులోని బొకేటేకు గంటలోపు చేరుకోవచ్చు. కోస్టారికాలో పాన్ అమెరికన్ హైవే సెర్రో డె లా మ్యుర్టె దగ్గర 3,300 మీటర్లు దాటుతుంది. పొద్దున పసిఫిక్ ఒడ్డున చెమటలు కక్కినవాళ్లు అదే రాత్రి అక్కడ పడుకుంటే వణికిపోతారు. మలేసియాలో కామెరన్ హైలాండ్స్, ఇథియోపియాలో 2,300 మీటర్లకు పైన ఉన్న అడిస్ అబాబా, ఈక్వెడార్‌లో 2,850 మీటర్ల మీది క్విటో, అన్నీ ఉష్ణమండలంలోనే ఉన్నాయి. అందుకే ఇక్కడ దారిని అడ్డంగా కంటే నిలువుగా ఆలోచించాలి. తీరంలో రెండు రాత్రులు, కొండ మీద ఐదు రాత్రులు, మళ్లీ కిందికి ఒకసారి. ఇలా తిరిగితే శరీరం తేరుకుంటుంది, పక్కబట్టలు ఆరతాయి, ప్రయాణం దానంతటదే తాపీ అవుతుంది.

అయితే ఎత్తులన్నీ ఒకటి కావు, పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న కొండవాలు మీద 1,200 నుంచి 2,500 మీటర్ల మధ్య మబ్బులు నేలను తాకుతూ కదులుతాయి. మేఘారణ్యాలు పెరిగేది అక్కడే. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి. చల్లగానూ ఉంటుంది. కాని మధ్యాహ్నానికే పొగమంచు కమ్మేసి ప్యానెళ్లకు ఎండ తగలదు, ఉతికిన బట్ట మూడు రోజులైనా ఆరదు, కెమెరా లెన్సుకు ఫంగస్ పడుతుంది. కొండ దాటి అవతలి వైపు దిగితే వాన నీడ ప్రాంతం వస్తుంది. అదే ఎత్తు, అదే చల్లదనం, గాలి మాత్రం పొడిగా ఉంటుంది. మెక్సికోలో సుమారు 1,550 మీటర్ల ఎత్తున ఉన్న వహాకా లోయ అలాంటిదే. వ్యాన్‌లో నెలల తరబడి ఉండాలనుకునేవాళ్లకు ఎత్తుతో పాటు కొండకు ఏ వైపు అన్నది కూడా చూసుకోవడం చాలా అవసరం.

దిగేటప్పుడు బ్రేకుల సంగతి మరవకూడదు. నీళ్లు, సామాను, బ్యాటరీలతో మూడు టన్నులు దాటిన వ్యాన్ రెండు వేల మీటర్లు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగానే చిన్న గేరులో, వేగాన్ని ఇంజినే అదుపు చేసేట్టు, అరగంటకోసారి ఆగుతూ దిగాలి.

వానతో సర్దుకోవడం

ఉష్ణమండల వాన సూర్యుడి వెంట నడుస్తుంది. రెండు అర్ధగోళాల గాలులు కలిసే మేఘాల పట్టీ సూర్యుడు నడినెత్తికి వచ్చే చోటికి కాస్త ఆలస్యంగా చేరుకుంటుంది. స్థూలంగా భూమధ్యరేఖకు ఉత్తరాన మే నుంచి అక్టోబరు దాకా, దక్షిణాన నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం. మధ్యలో చాలాచోట్ల ఏడాదికి రెండు వానాకాలాలు. వానాకాలం అంటే ప్రయాణం వద్దనుకోనక్కర్లేదు. చాలాచోట్ల పొద్దున్నే ఆకాశం తేటగా ఉండి, మధ్యాహ్నం మబ్బు పట్టి, రెండు మూడు గంటలప్పుడు కుండపోత కురిసి, రాత్రికి చల్లబడుతుంది. వానల ముందు నెల రోజులే అసలు నరకం. ఎండ, తేమ రెండూ పెరుగుతూ పోతాయి, వాన మాత్రం రాదు. తేదీలు మార్చుకునే వీలుంటే తప్పించుకోవాల్సింది ఆ నెలను.

దీంతో రోజు దానంతటదే ఒక రూపానికి వస్తుంది. తెల్లవారగానే బయల్దేరి పదకొండు, పన్నెండు గంటలకు ఆపేయడం. కొండదారుల్లో, ఊళ్ల మధ్య సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటదు కాబట్టి ఐదు గంటలకు 200 కిలోమీటర్లే హద్దు. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాది పొడుగునా 12 గంటలకు కాస్త ఎక్కువ, అంతే. పొద్దు నిటారుగా దిగుతుంది కాబట్టి సూర్యుడు మునిగిన 20, 25 నిమిషాల్లో చీకటి పడిపోతుంది. మసక వెలుతురులో చోటు వెతుక్కుందాం అంటే కుదరదు. లైట్లు లేని బండ్లు, రోడ్డు మీద పడుకునే పశువులు, గుర్తు లేని స్పీడ్ బ్రేకర్లు ఉండే దారిలో చీకట్లో నడపడమంటే అనవసరమైన టెన్షన్ నెత్తికెత్తుకోవడమే.

మట్టిరోడ్ల మీద వానే అధికారి. ఉష్ణమండలపు ఎర్రమట్టి ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. కామెరూన్ వంటి దేశాల్లో వాన పడగానే మట్టిరోడ్డుకు అడ్డంగా గేటు దించి, రోడ్డు ఆరేదాకా బరువైన వాహనాలను ఆపేస్తారు. బురదలో బండి నడిపితే పడే గాడి ఎండాక రాయిలా మారి రోడ్డునే పాడుచేస్తుంది గనక అది మంచి పద్ధతి. గేటు లేని చోట కూడా ఆ పద్ధతే పాటించాలి. ఒక్క పూట ఎండ కాస్తే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు వానాకాలంలో మామూలుగా మూతపడుతుంది. బ్రెజిల్‌లో పోర్టో వెల్యో నుంచి మనౌస్‌కు పోయే బీఆర్-319 రహదారి మధ్యలో దాదాపు 400 కిలోమీటర్లు మట్టిదే, వానల్లో అక్కడ లారీలే రోజుల తరబడి దిగబడిపోతాయి.

కొన్నిచోట్ల ఎంత ఓపిక పట్టినా దారే లేదు. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా పోయే పాన్ అమెరికన్ హైవే పనామాలోని యావిసా దగ్గర తెగిపోతుంది. అవతల కొలంబియా రోడ్డు అందేదాకా దాదాపు 100 కిలోమీటర్లు అడవి, చిత్తడి. డారియన్ గ్యాప్ అంటారు. 1960లో ఒక బృందం ల్యాండ్ రోవర్, జీపులతో ఆ అడవిని దాటడానికి నాలుగు నెలలకు పైగా పట్టింది. ఇప్పటికీ వ్యాన్లను పనామాలోని కోలోన్ ఓడరేవు నుంచి కొలంబియాలోని కార్టహేనాకు ఓడలోనే పంపాలి.

దోమలు, పత్రాలు, డీజిల్

వ్యాన్‌కు దోమతెర బిగించడం తేలిక, సరైన తెర ఎంచుకోవడమే కష్టం. మామూలు దోమతెర కన్ను 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది. దోమలు ఆగుతాయి గాని తీరాల్లో, మడ అడవుల దగ్గర కుట్టే నుసుములు దూరిపోతాయి. వాటికి 0.6 మిల్లీమీటర్ల కంటే సన్నటి తెర కావాలి. అది గాలిని కూడా బాగా తగ్గిస్తుంది. అందుకే రెండు రకాలూ దగ్గరుంచుకుని చోటును బట్టి మార్చుకోవడం మంచిది. ఫ్యాన్ గాలి దీనిక్కూడా పనికొస్తుంది, దోమ బలహీనంగా ఎగిరే పురుగు, ఎదురుగాలిలో నిలవలేదు. మలేరియా తెచ్చే అనాఫిలిస్ పొద్దుగూకిన దగ్గర నుంచి తెల్లారేదాకా కుడుతుంది, 2,000 మీటర్ల పైన అరుదు. డెంగీ తెచ్చే ఏడిస్ కుట్టేది పగలు. తాపీగా తిరిగేవాళ్లు పట్టించుకోని విషయం ఒకటుంది. ఏడిస్ గుడ్డు నుంచి దోమగా మారడానికి 7 నుంచి 10 రోజులు చాలు. రోజుకో చోట ఉండే వ్యాన్ వెంట అది పెరగదు. ఒకే చోట రెండు వారాలు ఆగితే గిన్నెలు కడిగే బకెట్లో, పందిరి గుడ్డ మడతలో, స్పేర్ టైరు గుంటలో నిలిచిన నీళ్లలోనే పెరుగుతుంది. పైగా దాని గుడ్లు నీళ్లు లేకుండా నెలల తరబడి బతికి ఉంటాయి. ఎండిన బకెట్‌లో ఆ గుడ్లను ఇంకో ప్రాంతానికి మోసుకుపోయే అవకాశం ఉంది. చోటు మారే ముందు బకెట్ లోపలి అంచులు గట్టిగా తోమి బయల్దేరడం అక్కడి జనం పట్ల కూడా బాధ్యత.

నెమ్మదిగా తిరగాలనుకునేవాళ్లను గడువులు తొందరపెడతాయి. మధ్య అమెరికాలో గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా నాలుగింటికీ కలిపి చాలామంది విదేశీయులకు ఇచ్చేది 90 రోజులే. మనిషి గడువు వేరు, బండి గడువు వేరు. బండికి ఇచ్చే తాత్కాలిక దిగుమతి అనుమతి దాటితే జరిమానా పడొచ్చు, బండినే స్వాధీనం చేసుకోవచ్చు. దీనికి భిన్నంగా మెక్సికో మోటార్‌హోమ్‌లకు పదేళ్ల దాకా అనుమతి ఇస్తుంది. ఏ దేశంలో ఎక్కువ కాలం ఉండాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ గడువుల పట్టిక వాతావరణం పట్టిక పక్కనే ఉండాలి.

ఇంజిన్ విషయంలో కొత్తదే మంచిదన్న నమ్మకం ఇక్కడ ఎదురు తిరగొచ్చు. యూరప్ కాలుష్య ప్రమాణం యూరో 6 ప్రకారం చేసిన డీజిల్ ఇంజిన్లకు గంధకం దాదాపు లేని ఇంధనం కావాలి. అది దొరకని దేశాల్లో పొగ గొట్టంలోని ఫిల్టరు మూసుకుపోతుంది. ఆ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కాసేపు వేగంగా పోతూ వేడెక్కాలి, రోజుకు కొద్ది దూరం నింపాదిగా నడిపేవాళ్లకు అది కూడా జరగదు. పొగలో కాలుష్యం తగ్గించడానికి ఈ ఇంజిన్లకు పోసే ఆడ్‌బ్లూ ద్రవం కూడా 30 డిగ్రీలు దాటిన వేడిలో నిల్వ ఉంటే త్వరగా పాడవుతుంది.

మూడు గంటలకు చూడాల్సినవి

చోటు ఖాయం చేసుకోవడానికి మంచి సమయం మధ్యాహ్నం మూడు. వెలుతురు ఉంటుంది, నచ్చకపోతే ఇంకో చోటికి పోయే వ్యవధి ఉంటుంది. మొదట వాగు ఎటు ఉందో చూడాలి. తలమీద చినుకు పడకపోయినా పైన కొండల్లో కురిసిన వాన అర్ధరాత్రి వాగులోకి ఒక్కసారిగా దిగవచ్చు, కాబట్టి ఎండిన వాగు ఇసుక ఎంత చదునుగా కనిపించినా అక్కడ ఆపకూడదు. తర్వాత తలెత్తి ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడాలి. తర్వాత గాలి. పిడికెడు ఎండుగడ్డి వదిలితే ఎటు పోతుందో చూసి, తల దగ్గరి కిటికీ గాలికి ఎదురుగా ఉండేట్టు వ్యాన్ తిప్పుకోవాలి. లోయల్లో పొద్దుగూకాక చల్లటి గాలి కొండ మీది నుంచి కిందికి జారుతుంది, అలాంటి చోట పగటి గాలిని నమ్మకుండా కొండ వైపు కిటికీ పెట్టుకోవాలి.

ఆఖరున నీడ. ఉష్ణమండలంలో సూర్యుడు తూర్పున లేచి దాదాపు నెత్తి మీదుగా పోయి పడమట దిగుతాడు. తూర్పున కొన్ని చెట్లు, పడమట కొన్ని చెట్లు, మధ్యలో ఆకాశం తెరిచి ఉన్న జాగా దొరికితే అంతకు మించింది లేదు. పొద్దుటెండ, సాయంత్రం ఎండ చెట్ల మీద పడతాయి, మిట్టమధ్యాహ్నం ఎండ మాత్రం ప్యానెళ్లకు దక్కుతుంది. రెండు వైపులా చెట్లు లేక ఒక్క వైపే ఉంటే పడమటి నీడనే ఎంచుకోవాలి. పొద్దుటెండ లోపలికి కొడితే లేచి బయటికి రావచ్చు. సాయంత్రం ఎండ పరుపులోకి ఎక్కించిన వేడి మీద మాత్రం రాత్రంతా పడుకోవాలి.